పికప్ పోయిందనే ముందు

గిటారు మూగబోతే డెల్టా ఊళ్ళలో ముందు వినిపించే మాట ‘పికప్ పోయింది’. ఆదివారం ఆరాధన మధ్యలో శబ్దం ఆగిపోయినా, పెళ్ళి రిసెప్షన్‌లో మైక్‌సెట్టు కుర్రాడు ఫేడర్ ఎంత పైకి తోసినా గిటారు పలక్కపోయినా తీర్పు అదే. చాలాసార్లు ఆ తీర్పు తప్పు. పికప్ అంటే స్ట్రింగ్‌ల కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం. ఎక్కువ అకూస్టిక్ గిటార్లలో అది శాడిల్ (పైపలక మీద స్ట్రింగ్‌లు ఆనే సన్నటి ముక్క) కింద దాగి ఉన్న సన్నటి పట్టీ. అందులో కదిలేవి లేవు, అరిగేవి లేవు. దానంతట అది చెడిపోవడం అరుదు. చెడేవి దాని చుట్టూ ఉన్నవి: జాక్ (కేబుల్ దూర్చే సాకెట్), బ్యాటరీ క్లిప్పు, సోల్డరు అతుకులు, కేబుల్ చివర్లు, ప్రీఆంప్ (పికప్ నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ను పెంచే చిన్న సర్క్యూట్) లోపలి చిన్న కనెక్టర్లు. అంటే రెండు లోహాలు ఒకదాన్నొకటి తాకి ఉండాల్సిన చోట్లు. గోదావరి డెల్టాలోని తడిగాలి, తీరం వైపు వెళ్ళేకొద్దీ దానికి తోడయ్యే ఉప్పు, దెబ్బకొట్టేది కూడా సరిగ్గా అక్కడే.

శివారు చేలోకి నీళ్ళు రాకపోతే ధవళేశ్వరం దగ్గర గోదావరి ఎండిపోయిందని ఏ రైతూ అనుకోడు. బోదె గట్టు వెంట నడిచి, తూము తెరిచి ఉందో లేదో చూసి, గండి ఎక్కడ పడిందో వెతుకుతాడు. గిటారులో వెతుకులాట కూడా అలాగే సాగాలి. స్ట్రింగ్ దగ్గర మొదలై స్పీకరు దాకా వెళ్ళే దారిని ముక్కలు చేసి, ఏ ముక్క వరకు సిగ్నల్ వస్తోందో తేల్చుకోవాలి.

ఇక్కడొక చిక్కు ఉంది. గిటారు ఎలక్ట్రానిక్స్ కోసమే తెరిచిన దుకాణం పల్లెల్లో ఉండదు. పని వెళ్ళేది ఆంప్లిఫైయర్లు, ఇన్వర్టర్లు బాగుచేసే మెకానిక్ చేతికి. ఆయనకు సోల్డరింగ్ మీద మంచి పట్టు ఉంటుంది, మీటరు చూడటం వచ్చు. కానీ ఆ మీటరే ఆయన్ని పక్కదారి పట్టిస్తుంది. స్పీకరు కాయిల్ మీద మీటరు పెడితే నాలుగో ఎనిమిదో ఓమ్‌లకు దగ్గరగా చూపించాలి. ఏమీ చూపించకపోతే కాయిల్ తెగినట్టు. అదే అలవాటుతో శాడిల్ కింది పట్టీ నుంచి వచ్చే వైర్ల మీద పెడితే ‘ఓఎల్’ అని, అంటే నిరోధం కొలతకు అందనంత ఎక్కువని వస్తుంది. ‘ఓపెన్ అయిపోయింది, కొత్తది తెప్పించుకోండి’ అనే మాట అక్కడే పుడుతుంది. నిజానికి బాగున్న పియెజో పట్టీ (నొక్కితే కరెంటు పుట్టించే రకం) చూపించాల్సిందే ఆ ‘ఓఎల్’!

కారణం దాని నిర్మాణంలోనే ఉంది. కొన్ని స్ఫటికాలను నొక్కితే వాటి ముఖాల మీద విద్యుదావేశం పుడుతుందని జాక్ క్యూరీ, పియరీ క్యూరీ అనే అన్నదమ్ములు 1880లో చూపించారు. గిటారు పట్టీలోని సెరామిక్ ముక్కలు గానీ, పలచటి ప్లాస్టిక్ ఫిల్మ్ గానీ చేసే పని అదే. స్ట్రింగ్ కంపించినప్పుడు శాడిల్ కిందికి ఒత్తే ఒత్తిడి మారుతుంది, ఆ మార్పే వోల్టేజీ అవుతుంది. రెండు లోహపు పొరల మధ్య కరెంటు పోనివ్వని పదార్థం ఉంది కాబట్టి మీటరు లెక్కలో అది కాయిల్ కాదు, కెపాసిటర్. మీటరులో కెపాసిటెన్సు చూసే వీలుంటే అసలు సంగతి తెలుస్తుంది. కొన్ని వందల పికోఫారాడ్‌ల నుంచి ఒకటి రెండు నానోఫారాడ్‌ల దాకా చూపిస్తే పట్టీ, దాని వైరు రెండూ బతికే ఉన్నట్టు. పదుల పికోఫారాడ్‌లే వస్తే లోపలి వైరు ఎక్కడో తెగింది, మీటరు చూస్తున్నది మిగిలిన కేబుల్ ముక్కను మాత్రమే. ‘ఓఎల్’ రావాల్సిన చోట కొన్ని కిలోఓమ్‌లు కనిపిస్తే షార్టో, తడో ఉందని అర్థం.

సౌండ్‌హోల్‌లో బిగించే మాగ్నెటిక్ పికప్ సంగతి వేరు. అది నిజంగానే కాయిల్. చాలావాటికి కొన్ని వేల ఓమ్‌లు చూపించాలి. దాని మీద ‘ఓఎల్’ వస్తే తెగినట్టే. కాకపోతే ఆ రకం పికప్‌తో ఒకటీ రెండు స్ట్రింగ్‌లు గట్టిగా, లావు స్ట్రింగ్‌లు మెత్తగా వినిపిస్తే అది లోపం కాదు. అయస్కాంతం పట్టించుకునేది ఉక్కునే. లావు స్ట్రింగ్‌ల పైన చుట్టిన కంచు తీగ దానికి కనిపించదు, లోపలున్న ఉక్కు మాత్రమే కనిపిస్తుంది.

నిశ్శబ్దం ఒక్క రకం కాదు

మీటరు తీయకముందే చెవి చెప్పేది చాలా ఉంటుంది. ‘సౌండ్ రావట్లేదు’ అనే ఫిర్యాదులో కనీసం మూడు వేర్వేరు జబ్బులు దాగుంటాయి.

కేబుల్ దూర్చినప్పుడు స్పీకరులో చిన్న ‘ధప్’ కూడా రాలేదు, వాల్యూమ్ మొత్తం పెంచినా ‘స్‌స్’ అనే గాలి శబ్దమైనా లేదు అంటే ప్రీఆంప్‌కి కరెంటు అందట్లేదు, లేదా దాని అవుట్‌పుట్ జాక్ దాకా రావట్లేదు. బ్యాటరీ, జాక్, కేబుల్ చూడాలి. గాలి శబ్దం బాగానే వస్తోంది, వాల్యూమ్ తిప్పితే పెరుగుతోంది, స్ట్రింగ్ మీటితే మాత్రం ఏమీ లేదు అంటే ప్రీఆంప్ మేలుకునే ఉంది, దానికి పట్టీ నుంచి ఏమీ చేరట్లేదు. మూడోది గుయ్‌మనే హమ్మింగ్. దాని వెనకాల ఎక్కడో దూరంగా గిటారు. పట్టీ నుంచి వచ్చే సన్నటి కేబుల్‌లో లోపలి వైరు చుట్టూ జడలా అల్లిన షీల్డు ఉంటుంది. లోపలి వైరు తెగితే నిశ్శబ్దం, షీల్డు తెగితే హమ్మింగ్. ఇంత తేడా చెవికే తెలిసిపోతుంటే గిటారును ఊరికే విప్పడం ఎందుకు?

గిటారు పక్కన ప్రీఆంప్‌లో ట్యూనర్ ఉంటే అది పనికొచ్చే సాక్షి. ట్యూనర్‌కి సిగ్నల్ వచ్చేది కూడా అదే పట్టీ నుంచి. మీటిన స్వరాన్ని ట్యూనర్ సరిగ్గా పట్టుకుని చూపిస్తూ స్పీకరులో మాత్రం ఏమీ రాకపోతే పికప్ మీద అనుమానం అక్కడితో తీరిపోయినట్టే. లోపం వాల్యూమ్ కంట్రోల్‌లోనో, జాక్‌లోనో, ఆ తర్వాతో ఉంది. ఇంకొక సంగతి, కాస్త నవ్వొచ్చేది: చాలా ప్రీఆంప్‌లలో ట్యూనర్ ఆన్‌లో ఉంటే అవుట్‌పుట్ మ్యూట్ అవుతుంది. ట్యూన్ చేసుకుని ఆపడం మర్చిపోయి, పాట మొదలయ్యాక పికప్‌ని తిట్టడం స్టేజీల మీద కొత్తేం కాదు.

గిటారు బయట ఉన్న దారిని ముందు తేల్చేసుకోవాలి. ఇంకో కేబుల్, ఇంకో ఛానల్, దొరికితే ఇంకో గిటారు. కేబుల్‌ని మీటరు బీప్ మీద పెడితే ఒక పిన్ను కొన నుంచి రెండో పిన్ను కొనకి, గొట్టం నుంచి గొట్టానికి మోగాలి. కొనకీ గొట్టానికీ మధ్య మోగకూడదు. ఈ పరీక్ష కేబుల్‌ను తిన్నగా పడుకోబెట్టి చేస్తే సగం పరీక్షే. పిన్ను మెడ దగ్గర వంచుతూ, మెలిపెడుతూ చేయాలి. తెగేది అక్కడే.

జాక్ కథ

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సిన చోటు ఇదే. అకూస్టిక్ గిటారు అడుగున బెల్టు తగిలించే బొడిపె చాలావాటిలో జాక్ కూడా. గిటారు బరువులో కొంత దాని మీదే పడుతుంది, కేబుల్‌ను ఎవరి కాలో తొక్కితే ఆ గుంజుడూ దాని మీదే. కొన్నాళ్ళకు నట్టు వదులవుతుంది. వదులైన నట్టును వాయించేవాళ్ళు వేళ్ళతోనో పట్టకారుతోనో బయట నుంచి బిగిస్తారు. అసలు దెబ్బ తగిలేది అప్పుడే. నట్టుతో పాటు లోపలి జాక్ కూడా తిరుగుతుంది. దానికి అతికిన మూడు నాలుగు సన్నటి వైర్లు ఒకదానికొకటి చుట్టుకుని, బిగుసుకుని, సోల్డరు అంచు దగ్గర ఒక్కొక్క పోగే తెగుతూ వస్తాయి. పూర్తిగా తెగేముందు రోజుల తరబడి ‘గిటారు కదిపితే వస్తుంది, కదపకపోతే పోతుంది’ అనే దశ నడుస్తుంది.

సరైన పద్ధతి కష్టమేం కాదు. చాలా జాక్‌ల మరగొట్టానికి అడ్డంగా చిన్న రంధ్రం ఉంటుంది. బయటి బొడిపె మూత విప్పితే కనిపిస్తుంది. అందులో సన్నటి మేకు గానీ ఎలన్ కీ గానీ దూర్చి, జాక్ తిరక్కుండా పట్టుకుని నట్టు బిగించాలి. లోపల వైర్లు మెలిపడ్డాయో లేదో చూడాలంటే స్ట్రింగ్‌లు కాస్త వదులు చేసి, ఫోన్‌లో ఫ్లాష్‌తో వీడియో పెట్టి సౌండ్‌హోల్‌లోంచి లోపలికి చూపిస్తే చాలు. వెనకటి మెకానిక్‌లకు చిన్న అద్దం, టార్చిలైటు కావాల్సి వచ్చేది.

జాక్‌కి ఇంకో పని కూడా ఉంది, అది చాలామంది ఊహించనిది: గిటారుకి స్విచ్ అదే. బ్యాటరీ ఉన్న గిటార్లలో వాడేది స్టీరియో జాక్. బ్యాటరీ నెగెటివ్ వైరు దాని మధ్య కాంటాక్ట్‌కి వస్తుంది. మామూలు మోనో పిన్ను దూర్చినప్పుడు పిన్ను గొట్టం ఆ మధ్య కాంటాక్ట్‌నీ, ఎర్త్ కాంటాక్ట్‌నీ కలుపుతుంది, దాంతో ప్రీఆంప్ ఆన్ అవుతుంది. పిన్ను అలాగే వదిలేస్తే బ్యాటరీ దిగిపోయేది ఇందుకే. ఇంకో అనర్థం కూడా ఇక్కడి నుంచే. మైక్‌సెట్టు పెట్టెలో అన్ని రకాల కేబుళ్ళూ కలిసిపోయి ఉంటాయి. పిన్ను మీద ఒక నల్ల గీత ఉంటే మోనో, రెండుంటే స్టీరియో. రెండు గీతల కేబుల్ దూరిస్తే మధ్య కాంటాక్ట్ విడిగానే ఉండిపోవచ్చు, ప్రీఆంప్ ఆన్ కాదు. గిటారు చచ్చిపోయినట్టే ఉంటుంది. కేబుల్ మార్చగానే లేచి కూర్చుంటుంది.

మీటరుతో దీన్ని దగ్గరగా చూడొచ్చు. వోల్టుల మీద పెట్టి, పిన్ను లేకుండా జాక్ వెనక మధ్య కాంటాక్ట్‌కీ ఎర్త్ కాంటాక్ట్‌కీ మధ్య కొలిస్తే బ్యాటరీ వోల్టేజీకి దగ్గరగా ఏదో ఒకటి కనిపిస్తుంది. మోనో పిన్ను దూర్చగానే అది సున్నాకి పడిపోవాలి. పిన్ను దూర్చాక కూడా వోల్టులు అలాగే నిలిచి ఉంటే లోపలి స్ప్రింగు రేకు పిన్నును తాకట్లేదు. రేకు వంగిపోయి ఉండొచ్చు, లేదా దాని మీద తుప్పుపొర ఉండొచ్చు. పిన్ను మీద కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, దూర్చి, నాలుగైదుసార్లు తిప్పి తీస్తే పొర వదులుతుంది. గరుకు కాగితం పెట్టి రుద్దడం మాత్రం మంచిది కాదు. పైనున్న నికెల్ పూత పోతే ఇత్తడి బయటపడి, నరసాపురం, అంతర్వేది లాంటి ఉప్పుగాలి ఊళ్ళలో త్వరలోనే పచ్చగా కిలుం పడుతుంది.

బ్యాటరీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 9 వోల్టుల బ్యాటరీని బయటికి తీసి మీటరు పెడితే, విశ్రాంతిలో ఉన్న పాత బ్యాటరీ కూడా దొరలాగా 9కి దగ్గరగా చూపించొచ్చు. పిన్ను దూర్చి, ప్రీఆంప్ లాగుతున్నప్పుడే కొలవాలి. ఏడూ ఏడున్నర దగ్గరికి దిగితే గట్టిగా మీటినప్పుడు శబ్దం బొంగురుపోతుంది. చాలామంది అది స్పీకరు చిరుగు అనుకుంటారు. చవక జింక్ బ్యాటరీ కంటే ఆల్కలైన్ ఎక్కువ కాలం వస్తుంది. కారితే మాత్రం రెండూ క్లిప్పును తినేస్తాయి. ఆల్కలైన్ నుంచి కారేది క్షారం కాబట్టి వెనిగరుతోనో నిమ్మరసంతోనో తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఆరబెట్టాలి. పిన్ను తీసేసినా బ్యాటరీ రెండు మూడు రోజుల్లో దిగిపోతుంటే, బ్యాటరీ ఒక బొడిపెకే క్లిప్పు తగిలించి, రెండో వైపు మీటరును మిల్లీఆంపియర్ల మీద అడ్డుపెట్టి చూడాలి. పిన్ను లేనప్పుడు సున్నా రావాలి. రాకపోతే కరెంటు దొంగదారిన పోతోంది. ఆ దారి చాలాసార్లు జాక్ దగ్గర పేరుకున్న తుప్పే.

పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా

ఇక డెల్టాకే ప్రత్యేకమైన జబ్బు. సకినేటిపల్లి, మలికిపురం, ఓడలరేవు వైపు గిటార్ల విషయంలో ఇలాంటి ఫిర్యాదు వస్తే నమ్మాలి: పొద్దున్న ప్రార్థనలో గిటారు రేకు డబ్బాలా సన్నగా, చిటపటలాడుతూ పలికింది. మధ్యాహ్నం మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే శుభ్రంగా ఉంది. మెకానిక్ ‘ఏమీ లేదు, బాగానే ఉంది’ అంటాడు. మర్నాడు పొద్దున మళ్ళీ అదే గోల. ఇద్దరూ చెప్పేది నిజమే.

ఉప్పుకి ఒక లెక్క ఉంది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 75 శాతం లోపు ఉన్నంతసేపు మామూలు ఉప్పు రేణువు పొడిగా ఉంటుంది. ఆ గీత దాటితే గాలిలోని నీటిని పీల్చుకుని కరిగిపోతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కి అంత తేమ కూడా అక్కర్లేదు. డెల్టా తీరంలో తెల్లవారుజామున ఆ గీత దాటడం మామూలే, వానాకాలంలో అయితే చెప్పనక్కర్లేదు. ఎండెక్కి గాలి బాగా పొడిబారితే రేణువు మళ్ళీ గడ్డకడుతుంది. కరిగినప్పుడు కరెంటు నడుస్తుంది, గడ్డకట్టినప్పుడు నడవదు. ప్రీఆంప్ బోర్డు మీద, కనెక్టర్ కాళ్ళ మధ్య, జాక్ ఫైబర్ ముక్క మీద కంటికి కనిపించని ఉప్పు పొర పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా ఉండేది అందుకే.

అంత చిన్న కారుడు స్పీకరుకి గానీ మైక్‌కి గానీ ఏమీ చేయదు. పియెజోకి చేస్తుంది. పట్టీ కెపాసిటెన్సు 1 నానోఫారాడ్ అనుకుందాం. ప్రీఆంప్ ఇన్‌పుట్ నిరోధం 10 మెగాఓమ్‌లు ఉంటే కింది స్వరాల కోత 16 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, అంటే అంతకంటే కింది స్వరాలే నీరసిస్తాయి. గిటారు ఆరో స్ట్రింగ్ పలికేది 82 హెర్ట్జ్ దగ్గర, కాబట్టి ఏమీ నష్టం లేదు. తడి వల్ల ఆ ఇన్‌పుట్‌కి అడ్డంగా 1 మెగాఓమ్ దారి ఏర్పడితే చాలు, కోత 175 హెర్ట్జ్‌కి ఎక్కుతుంది. ఆరు, అయిదు, నాలుగు స్ట్రింగ్‌ల మూలస్వరాలన్నీ ఆ గీత కిందే ఉన్నాయి. గిటారు పలుకుతుంది, కానీ కండ ఉండదు. ప్రీఆంప్ లేని పియెజోను నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌కి తగిలిస్తే వచ్చే పీలగొంతు కూడా ఈ లెక్క ప్రకారమే. అక్కడ ఇన్‌పుట్ సుమారు 10 కిలోఓమ్‌లే, కోత ఏకంగా 16,000 హెర్ట్జ్ దగ్గరికి పోతుంది. దానికి మందు ఈక్యూలో బాస్ పెంచడం కాదు, మధ్యలో ప్రీఆంపో, 1 మెగాఓమ్ కంటే బాగా ఎక్కువ ఇన్‌పుట్ ఉన్న యాక్టివ్ డీఐ బాక్సో (గిటారు సిగ్నల్‌ను మిక్సర్‌కి సరిపోయేలా మార్చే చిన్న పెట్టె) పెట్టడం.

తడి జబ్బుకి మందు పొడిబట్ట కాదు. బట్ట నీటిని తుడుస్తుంది, ఉప్పును తుడవదు. బ్యాటరీ తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి బ్రష్‌తో బోర్డు అతుకుల వైపు కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు బిగించాలి. పాత రిపేరులో వాడిన సోల్డరింగ్ పేస్టు మిగిలి ఉంటే అది ఉప్పు కంటే మొండిది. రేకుపనికి వాడే ఆమ్లపు పేస్టు తడిని లాగుతూనే ఉంటుంది, రాగిని తింటూనే ఉంటుంది. లోపల రోజిన్ ఉన్న సోల్డరు తీగ ఒక్కటే చాలు. ఏసీ గదిలోంచో ఏసీ కారులోంచో గిటారును తీసి వెంటనే కేసు తెరవడం కూడా మంచిది కాదు. బయట 30 డిగ్రీల ఎండ, 85 శాతం తేమ ఉంటే 27 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ప్రతి లోహం మీదా నీరు పడుతుంది. కేసును మూసే ఉంచి, అరగంట వెచ్చబడనిస్తే ఆ బాధ ఉండదు.

ఇదే తడి వేరే వేషంలోనూ వస్తుంది. ఒక్క స్ట్రింగ్ మాత్రమే తక్కువగా వినిపించడం, సాధారణంగా ఒకటోదో ఆరోదో. ఇది ఎలక్ట్రికల్ లోపంలా కనిపించే చెక్కపని లోపం. వానాకాలంలో చెక్క తడి పీల్చి ఉబ్బుతుంది, బ్రిడ్జి (శాడిల్‌ను పట్టుకునే చెక్క) ఉన్న చోట పైపలక పొంగుతుంది. శాడిల్ అడుగు పట్టీ మీద ఒకచోట గట్టిగా, ఒకచోట వదులుగా కూర్చుంటుంది. వదులుగా ఉన్నచోటి స్ట్రింగ్ నీరసిస్తుంది. తేల్చుకునే మార్గం తేలిక. స్ట్రింగ్‌లు వదులు చేసి, శాడిల్ పైకి లాగేసి, వాల్యూమ్ బాగా తగ్గించి, బయటపడ్డ పట్టీని ఈ కొస నుంచి ఆ కొస దాకా గోటితో సున్నితంగా తడుతూ రావాలి. అన్నిచోట్లా ఒకేలా మోగితే పట్టీ బాగుంది, తప్పు శాడిల్‌ది. అద్దం ముక్క మీద గరుకు కాగితం పరిచి, అడుగును పెన్సిల్‌తో గీసి, ఆ గీతలన్నీ సమంగా చెరిగేదాకా రుద్దితే అడుగు చదునవుతుంది. గాడిలో రంపపు పొట్టు, పాత జిగురు ఉంటే తీసేయాలి. శాడిల్ వేళ్ళతో లాగితే వచ్చేంత వదులుగా, గిటారు తిరగేస్తే ఊడిపడనంత బిగుతుగా ఉండాలి. గోటితో తట్టినప్పుడు ఒక్కచోటే మోగకపోతే, అప్పుడు మాత్రం పట్టీలోని ఆ ముక్క పగిలినట్టే.

పైపలకకు లోపల జిగురు ముద్దతో అంటించే పికప్‌లు కూడా ఉన్నాయి. తేమకు ఆ ముద్ద పట్టు వదిలితే శబ్దం మొత్తంగా పలచబడుతుంది. వేలితో అదిమి చూస్తే తెలిసిపోతుంది. తీసేసి, చెక్కను తుడిచి, కొత్తగా అంటించాలి. అంతే.

గుయ్‌మనేది, షాక్ కొట్టేది

హమ్మింగ్ వస్తే గిటారు వాల్యూమ్ పూర్తిగా తగ్గించి చూడాలి. హమ్మింగ్ కూడా పోతే అది గిటారు లోపలి షీల్డు, ఎర్త్ వ్యవహారం. తగ్గకపోతే గిటారుకి సంబంధం లేదు, కేబుల్ మొదలుకుని మిక్సర్ వైపు చూడాలి. లోతుగా, మెత్తగా వచ్చే 50 హెర్ట్జ్ గుయ్ తరచూ ఎర్త్ లూప్‌ది: ఆంప్లిఫైయర్ ఒక బోర్డులో, మిక్సర్ వేరే బోర్డులో. రెండింటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు ఇస్తేనే చాలావరకు సర్దుకుంటుంది. గరగరలాడే జీరశబ్దం అయితే లైట్ల డిమ్మర్లు, సీరియల్ సెట్లు, చవక ఛార్జర్ల వైపు చూడాలి.

కొబ్బరితోటల్లో, తీర్థాల్లో వేసే స్టేజీలకు కరెంటు వచ్చేది జనరేటరు నుంచో, దూరపు స్తంభం నుంచి లాగిన వైరు నుంచో. ఎర్త్ రాడ్ పాతారా లేదా అని అడిగేవాళ్ళు తక్కువ. ఎర్త్ లేని బోర్డులో అడాప్టర్‌తో నడిచే మిక్సరో ఆంప్లిఫైయరో పెడితే, అందులోని ఫిల్టర్ కెపాసిటర్లు రెండూ 230 వోల్టులను సగానికి పంచి, పెట్టె మీద 115 వోల్టుల దాకా తేల్చి ఉంచగలవు. టెస్టరు వెలుగుతుంది, చేతికి చీమ కుట్టినట్టు ఉంటుంది. దాంట్లో కరెంటు చాలా తక్కువే. కానీ అదే పెట్టెలో ఫేజ్ వైరు నిజంగా బాడీకి తగిలి ఉన్నా మొదట కనిపించేది ఆ టెస్టరు వెలుగే. ఏది ఏదో చేతితో పట్టుకుని తేల్చుకోకూడదు. గిటారు జాక్ లోహాన్ని ఒక చేత్తో, మైక్‌ను పెదవులతో తాకే గాయకుడికి రెండు ఎర్త్‌ల మధ్య తేడా ఒంటిలోంచే ప్రవహిస్తుంది. హమ్మింగ్ తగ్గుతుందని ప్లగ్గు పైనున్న లావు ఎర్త్ పిన్నును కోసేసే అలవాటు చాలా చోట్ల ఉంది. దాన్ని మానాలి. ఆ పని డీఐ బాక్సు మీది ‘గ్రౌండ్ లిఫ్ట్’ స్విచ్ చేస్తుంది. అది సిగ్నల్ ఎర్త్‌ను విడదీస్తుంది, మనిషిని కాపాడే ఎర్త్‌ను ముట్టుకోదు. స్టేజీ బోర్డుకి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి కారితే వెంటనే ఆపేసే స్విచ్) కూడా తోడైతే మంచిది.

మిక్సర్ ఫాంటమ్ పవర్ సంగతి కూడా ఇక్కడే. కండెన్సర్ మైక్‌ల కోసం ఇచ్చే 48 వోల్టులు ఆన్‌లో ఉన్న ఛానల్‌కి గిటారును మార్చు పిన్నుతో నేరుగా తగిలిస్తే ప్రీఆంప్ అవుట్‌పుట్ భాగం దెబ్బతినే ప్రమాదం ఉంది. మధ్యలో డీఐ బాక్సు ఉంటే ఆ భయం లేదు. స్లైడర్ జరిపితే గరగరమనే శబ్దానికి ముందు కాంటాక్ట్ క్లీనర్ వాడాలి. శుభ్రం చేశాక కూడా అలాగే ఉంటే దుమ్ము కాకపోవచ్చు, దాని ముందున్న, డీసీ కరెంటును ఆపాల్సిన కప్లింగ్ కెపాసిటర్ దాన్ని కారనిస్తూ ఉండొచ్చు. ఆ కెపాసిటర్‌కి ధర పెద్దగా ఉండదు, మార్చడం ఆంప్లిఫైయర్ మెకానిక్‌కి రోజూ చేసే పనే.

ఇవన్నీ దాటాక, కెపాసిటెన్సు చచ్చిపోయి, గోటి తాటింపుకి పట్టీ ఏ మూలా పలక్కపోతే, అప్పుడు ‘పికప్ పోయింది’ అనొచ్చు. అప్పుడు కూడా వైరు పట్టీలోకి దూరే మొదట్లోనే తెగిందేమో ఒకసారి చూడాలి. అక్కడ అతికించడం కష్టం. ఫిల్మ్ రకం పట్టీలు 80 డిగ్రీలు దాటిన వేడికే పాడవడం మొదలవుతుంది, సోల్డరింగ్ ఐరన్ కొన 300 పైనే ఉంటుంది. కొత్తది తెప్పించేటప్పుడు గాడి వెడల్పు కొలిచి చెప్పాలి. ఎక్కువగా దొరికేవి 2.4 మిల్లీమీటర్లవి, 3.2 మిల్లీమీటర్లవి. పాతదాని కంటే కొత్త పట్టీ మందంగా ఉంటే శాడిల్ అడుగున అంత మేర అరగదీయాలి, లేకపోతే స్ట్రింగ్‌లు ఎత్తుగా నిలిచి వేళ్ళు నొప్పెడతాయి. వైరు గాడిలోంచి కిందికి దిగే రంధ్రం అంచును కాస్త గుండ్రంగా చేస్తే పట్టీ అక్కడ నిటారుగా మడత పడదు, ఆరో స్ట్రింగ్ సన్నబడదు.